ఇంకా లేని ఇంటికి వడ్డీ

మెనో తన స్క్రీన్ మావైపు తిప్పాడు.
రెండు గీతలు.
ఒకటి బల్లపరుపుగా, ముప్పై ఏళ్ళు కదలకుండా.
ఇంకొకటి ఎత్తులో మొదలై
సముద్రపు కట్ట దిగే గొర్రెలా మెల్లగా కిందికి.
"నెలనెలా ఒకే మొత్తం కావాలా,
ముందు ఎక్కువ కట్టి పోనుపోను తగ్గాలా?"
కాఫీతో తలా ఒక బిస్కెట్టు ఇచ్చి
డబ్బా మూత పెట్టేశాడు.

రిన్సె బిస్కెట్టు ముట్టలేదు.
అతనికి ఇది మొదటి ఇల్లు కాదు.
స్వోలెలో, మొదటి పెళ్ళిలో,
వడ్డీ మాత్రమే కట్టే అప్పు తీసుకున్నాడు.
పన్నెండేళ్ళు కట్టాడు.
పెళ్ళి కరిగిపోయింది. కుక్క చచ్చిపోయింది.
అసలు మాత్రం
పుట్టిన రోజు ఎంతుందో అంతే.
అసలు కంటే వడ్డీ ముద్దన్న మాట
అప్పిచ్చినవాడి నోటిదే అయ్యుంటుంది.
"అసలు కరగని అప్పు నాకొద్దు," అన్నాడు
సైకిళ్ళ గ్రీసు పోని గోళ్ళు చూసుకుంటూ.

నేను పంపుల దగ్గర పనిచేస్తాను.
మా ఊరు సముద్రానికి నాలుగు మీటర్లు కింద.
ఈ వీధుల మీద ఒకప్పుడు
ఈల్ చేపల పడవలు తిరిగేవి.
రాత్రి డ్యూటీలో నేను చూసేది ఒకే ఒక్క అంకె,
కాలువ మట్టం.
వాన పడినా పడకపోయినా
నీరు అడుగునుంచి ఊరుతూనే ఉంటుంది.
చప్పుడు లేదు, కోపం లేదు, ఆదివారం లేదు.
వడ్డీ అంటే ఏమిటో నాకు
మెనో చెప్పక్కర్లేదు.

ఇల్లు ఇంకా లేదు.
నలభై ఏడో ప్లాటులో ఇసుక,
పనివాళ్ళ కోసం నీలం ప్లాస్టిక్ మరుగుదొడ్డి,
నంబరు రాసిన చెక్క మేకు.
అప్పు మొత్తం ఒక ఖాతాలో కూచుని ఉంటుందట.
పునాదికి ఇంత, గోడకి ఇంత, కప్పుకి ఇంత,
బిల్డరు బిల్లు పంపినప్పుడల్లా జారుతుందట.
వడ్డీ మాత్రం మొదటి రోజునుంచే.
"అంటే, లేని కిటికీకి కూడా?"
"లేని కిటికీకి కూడా," అన్నాడు మెనో తడుముకోకుండా.
పాత ఫ్లాటుకి అద్దె, కొత్త గాలికి వడ్డీ.

రేటు పదేళ్ళకు బిగించాలా, ఇరవైకా, ముప్పైకా?
పదేళ్ళదైతే చవక.
ఆ తర్వాత గాలి ఎటు వీస్తే అటు.
రిన్సె పది అన్నాడు:
"పదేళ్ళలో ఏమైనా జరగొచ్చు."
నేను ముప్పై అన్నాను:
"పదేళ్ళలో ఏమైనా జరగొచ్చు."
మెనో పెన్ను పక్కన పెట్టాడు.
మొగుడూ పెళ్ళాం ఒకే వాక్యంతో పోట్లాడుకోవడం
అతను ముందే చూసి ఉంటాడు.

గురువారం ఇద్దరం సెలవు పెట్టి ప్లాటుకి వెళ్ళాం.
పైల్స్ దింపుతున్నారు.
కాంక్రీటు స్తంభం నెత్తిన ఒక్కో దెబ్బ.
మొదట మూరెడు దిగింది,
తర్వాత జానెడు,
తర్వాత బెత్తెడు,
తర్వాత వేలెడు కూడా కాదు.
"గట్టి ఇసుక తగిలింది," అన్నాడు
మెషిన్ నడిపే పోలండ్ మనిషి లెషెక్.
"పద్దెనిమిది మీటర్లు. మీ డబ్బులో పెద్ద ముక్క ఇది,
ఇక ఎప్పటికీ కనబడదు!"
నవ్వి, చెవులకి మళ్ళీ మూతలు పెట్టుకున్నాడు.

రిన్సె ఆ గుంటనే చాలాసేపు చూశాడు.
"నేను పన్నెండేళ్ళు బురదలో కొట్టాను," అన్నాడు.
"కింద ఇసుకే లేదు."

దిగే గీత తీసుకున్నాం.
ఇరవై ఏళ్ళకు బిగించాం,
అతని మాటా కాదు, నా మాటా కాదు.
మొదటి ఏళ్ళు గట్టివి.
వంటగది చవక రకం.
మెట్లకి తివాచీ తర్వాత.
ఎండాకాలం సెలవులు ఇంట్లోనే,
ఇల్లంటూ వస్తే.

ఈ రాత్రి మూడో పంపు కాస్త దగ్గుతోంది.
కాలువ రెండు సెంటీమీటర్లు ఎక్కింది.
లాగ్‌బుక్కులో రాశాను.
దాని కిందే, పెన్సిలుతో,
ఈ నెల అసల్లో తగ్గింది:
తొమ్మిది వందల ముప్పై యూరోలు.
అది ఒక కిటికీ అద్దమో,
రెండు మెట్లో.

తెల్లారేలోగా చెరిపేయాలి.
పొద్దున షిఫ్టువాడు
అదీ నీటి లెక్కే అనుకుంటే కష్టం.